ఉత్తర మిచిగన్ బాటప్రక్క పలకలు

పూర్వము మన రాజులు గుడి స్తంభములపైనను, చెరువుగట్టు రాళ్లపైనను శాసనములు చెక్కించిరి. యుద్ధమున పడిన వీరునకు ఊరివారు వీరగల్లు నిలిపిరి. ఆ రాళ్లను చదువగలవారు నేడు మనలో కొలదిమందియే. పండుగనాడు రాతికి పసుపు రాచి, బొట్టు పెట్టి, దండము పెట్టి వత్తుమే గాని, దానిపై నేమి వ్రాసియున్నదని యడుగము. మేమును అట్టివారమే. ఈ విషయమున మాకు సిగ్గు కలిగించినది తొమ్మిదేండ్ల పిల్ల. అదియు మన దేశమున గాదు. సముద్రముల కావల, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు టుత్తరభాగమున.

మా చెల్లెలి కాపురము డెట్రాయిట్ నగరమునకు దాపున కలదు. ఆ చుట్టుపట్ల మన తెలుగు కుటుంబములు చాలనే యున్నవి. గత వేసవిలో బడి మూయగానే మా వారితో గూడ మేమచ్చటికి పోయి యారు వారములుంటిమి. జూన్ మొదటివారమున మరిదిగారు సెలవు తీసికొని, మమ్మందరను కారులో నెక్కించుకొని యుత్తరదిక్కునకు బయలుదేరిరి. సరస్సులను, పెద్ద వంతెనను చూపవలెనని వారి యుద్దేశము. మా చెల్లెలి కూతురికి మాత్రము వేరొక వెర్రి. బాటప్రక్కన ఆకుపచ్చని పలక కనబడినచో చాలు, "ఆపు నాన్నా, ఆపు!" అని కేకవేయును. దిగి, పలక యెదుట నిలువబడి, బడిలో పాఠ మప్పజెప్పినట్లు మొదటినుండి చివరివరకు బిగ్గరగా చదువును. పిమ్మట "దొడ్డమ్మా, నీకు తెలుగులో చెప్పనా?" అని తనకు వచ్చిన తెలుగులో చెప్పును. మాట తోచనిచోట మా వారు సాయము చేయుదురు.

ఆ రాష్ట్రమున ఇట్టి పలకలు నిలుపు పని 1955లో ఆరంభమైనది. నేటికి 1,700లకు పైబడి కలవు. ఆకుపచ్చ రంగు వేసిన లోహపు పలకపై బంగారు వన్నె యక్షరములు పొంగియుండును. ఒక్కొక్క పలకపై కొలది పంక్తులే. ఒక యూరి పుట్టుక, ఒక యోడ మునక, ఒక యగ్నిప్రమాదము, ఒక పక్షి వంశనాశము, ఏదైనను ఆ కొలది పంక్తులలోనే చెప్పవలెను. చెప్పని దంతయు చదువువారి యూహకే విడువబడును. మేము చూచిన వానిలో కొన్నిటిని మాత్రమే యిచ్చట చెప్పుచున్నాము.

డెట్రాయిట్ నుండి ఉత్తరముగా సుమారు 200 మైళ్లు పోగా గ్రేలింగ్ అను చిన్న పట్టణము వచ్చును. దాని దాపున హార్ట్‌విక్ పైన్స్ అను వనము కలదు. పైన్ అనగా మన హిమాలయములలోని సరళవృక్షముల జాతి. ఈ వనములోని తెల్ల పైన్ చెట్ల వయస్సు మూడువందల యేండ్లకు పైబడినది. మెడ వెనుకకు వంచి చూచినను కొన కానరాదు. క్రింద నిలిచినవారికి గుడి ముఖమంటపమున నిలిచినట్లు మనస్సు చల్లబడును.

ఒకప్పుడు ఉత్తర మిచిగన్ దేశమంతయు నిట్టి యడవియే. 19వ శతాబ్ది చివరి మూడు దశాబ్దములలో చాలకాలము అమెరికాలో కలప కోతకు మిచిగనే మొదటిది. శీతకాలమున చెట్లు కొట్టి, మంచుపై దుంగలను లాగి, వసంతమున నదులలో విడిచి, రంపపు మిల్లులకు చేర్చెడివారు. తరువాత రైళ్లు వచ్చెను. నదులు లేనిచోట్ల చెట్లును మిగులలేదు. నలువదేబది సంవత్సరములలో ఆ యడవి యంతయు నగరములలో ఇండ్లై, తలుపులై, కిటికీలై పోయినది.

మరి యీ వనమొక్కటి యెట్లు మిగిలెను? మిగిల్చినది యొక స్త్రీ. ఆమె పేరు కారెన్ మైకెల్సన్ హార్ట్‌విక్. ఆమె తండ్రి కలప వ్యాపారి. భర్తయు కలప వ్యాపారియే. భర్త మొదటి ప్రపంచయుద్ధ కాలమున సేనలో నుండి మరణించెను. 1927లో ఆమె 8,000 ఎకరములకు పైబడిన భూమిని కొని భర్త జ్ఞాపకార్థము రాష్ట్రమునకు దానము చేసెను. అందు కొట్టకుండ మిగిలిన పాత యడవి 85 ఎకరములు మాత్రమే. 1940 నవంబరులో వచ్చిన గాలివాన దానినిగూడ సగమునకు దింపివైచినది. నేడు మిగిలినది 49 ఎకరములు. పుట్టినింటికిని మెట్టినింటికిని అన్నము పెట్టిన చెట్లను, పెనిమిటి పేర కాపాడిన యీమె కథ చదివినంతసేపు మా చెల్లెలు మౌనముగా నుండెను. పిమ్మట "అక్కా, ఈవిడ కొనకపోతే మనం దేని కింద నిలబడి ఉండేవాళ్లం?" అనెను. దానికి జవాబు చుట్టునున్న యెడారివంటి బయళ్లలోనే యున్నది.

ఆ బయళ్లలో, ఇసుకనేలపై, జాక్ పైన్ అను పొట్టి చెట్లు పెరుగును. ఈ చెట్టు కాయలకొక విచిత్ర స్వభావము కలదు. వానిలో చాలభాగము జిగురుచే మూసికొనియుండి, అగ్నిజ్వాల వేడికిగాని విచ్చుకొనవు. అడవి కాలినపుడే విత్తనములు రాలి, బూడిదలో మొలకెత్తును. ఈ చెట్టు నాశ్రయించి యొక పిట్ట బ్రతుకుచున్నది. దాని పేరు కర్ట్‌లాండ్ వార్బ్లర్. పిడికిలిలో నిముడునంత పిట్ట. వీపు నీలపు బూడిదవన్నె, రొమ్ము పసుపు. శీతకాలమున బహామా దీవులకు పోయి, వసంతమున నిచ్చటికి వచ్చి, అయిదు మొదలు ఇరువది యేండ్ల లోపు వయస్సుగల జాక్ పైన్ చెట్ల క్రింది కొమ్మల మరుగున నేలపై గూడు పెట్టును. చెట్టు ముదిరెనా, ఆ చోటు విడిచిపోవును. కావున ఎక్కడనో యొకచోట అడవి కాలుచుండవలెను. క్రొత్త చెట్లు మొలచుచుండవలెను.

మనుష్యులు వచ్చి నిప్పు నార్పుట నేర్చిరి. పిట్టకు గూడు కరవయ్యెను. దానికితోడు అడవులు నరుకబడి పశువుల మందలు వచ్చినపుడు వానితో కౌబర్డ్ అను పక్షియు వచ్చినది. మన కోకిలకు పరభృతమని పేరు కదా. కాకి గూటిలో గ్రుడ్డుపెట్టి పోవును. ఈ కౌబర్డ్ అట్లే వార్బ్లర్ గూటిలో గ్రుడ్లు పెట్టును. తల్లిపిట్ట తన పిల్లలను ఎండగట్టి పరుల పిల్లలను మేపును. 1951లో పాటపాడు మగపిట్టలను లెక్కింపగా 432 ఉండెను. 1974లో 167కు దిగెను. 1972 నుండి కౌబర్డ్‌లను పట్టి తొలగించుటయు, లేత జాక్ పైన్ తోపులు పెంచుటయు మొదలిడిరి. అయినను 1987లో మరల 167 మాత్రమే. పిమ్మట క్రమముగా పెరిగి రెండువేలు దాటెను. 2019లో ఈ పిట్టను నశింపనున్న జాతుల పట్టికనుండి తీసివేసిరి. గ్రేలింగునకు తూర్పున మయో అను గ్రామమున ఈ పిట్ట పేర నొక స్మారకము నిలిచియున్నది.

అయితే ఈ మేలు ఊరక రాలేదు. 1980 మే 5వ తేదీన, ఈ పిట్టలకు గూళ్లు కల్పింపవలెనని మయో సమీపమున అడవిశాఖవారు నిప్పు పెట్టగా, గాలి తిరిగి మంట చేయిదాటి మాక్ లేక్ ప్రాంతమున 24,000 ఎకరములు దహించినది. 44 ఇండ్లు కాలిపోయినవి. నిప్పు నాపబోయిన శాఖోద్యోగి యొకడు మరణించెను. ఆ కాలిన నేలపైననే కొన్నియేండ్లకు లేత చెట్లు మొలచి, పిట్టలు వందలుగా చేరినవి. నేడు నిప్పునకు బదులు ముదురు చెట్లను కొట్టి, నారు నాటుటయే యెక్కువ. తెల్లవారుజామున మేము తోపు అంచున నిలిచి యాపిట్ట పాట వింటిమి. శరీర మంగుళములలో నుండగా గొంతు ఫర్లాంగు దూరము వినబడెను. సంతోషమే కలిగెను, కాని యా మంటలో పోయినవాని తలంపు దానివెంట వచ్చెను.

మరునాటి పలక మంటను గూర్చినదే. ఈశాన్యమున ప్రెస్క్ ఐల్ అను జిల్లాలో మెట్జ్ అను పల్లె యున్నది. కలపవారు చెట్లు కొట్టుకొనిపోవునపుడు కొమ్మలను, తొక్కలను, కొనలను అక్కడనే విడిచిపోయెడివారు. అడవి పోయినచోట సేద్యము చేయవచ్చునని నమ్మి పోలెండు, జర్మనీ దేశముల నుండి వచ్చిన పేద కుటుంబము లా యెండుపుల్లల నడుమ ఇండ్లు కట్టుకొనెను. 1908వ సంవత్సరమున వానలు కురియలేదు. అక్టోబరు 15వ తేదీన మంటలు గాలితో వచ్చి మెట్జ్ గ్రామమును కమ్మెను. జనమును తప్పించుటకు రైలు వచ్చినది. స్త్రీలను పిల్లలను పైకప్పులేని సామాను పెట్టెలో నెక్కించిరి. కొంతదూరము పోగా, పట్టాల కిరుప్రక్కల పేర్చియున్న కలప గుట్టలు మండుచుండెను. వేడికి పట్టాలు వంగి రైలు ఆ మంటల నడుమనే నిలిచిపోయెను. ఆ పెట్టెలోనివారు పదిమందికి పైగా కాలి చనిపోయిరి. వారిలో నెక్కువమంది తల్లులును పిల్లలును.

పిల్ల చదువుచు చదువుచు మధ్యలో నాగెను. "దొడ్డమ్మా, వాళ్లని కాపాడడానికే కదా రైలు వచ్చింది?" అని యడిగెను. "అవునమ్మా" అంటిమి. అంతకంటె మాకు మాట తోచలేదు.

అచ్చటినుండి పడమరగా పెటాస్కీ పట్టణ ప్రాంతమునకు వచ్చితిమి. ఓడెన్ అను గ్రామమున, క్రూకెడ్ లేక్ అను సరస్సు దాపున, చేపపిల్లలను పెంచు ప్రభుత్వకేంద్రము కలదు. అచ్చట నొక పలక ప్యాసింజర్ పావురమను పక్షిని గూర్చి చెప్పును. ఆ పావురములు ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 300 నుండి 500 కోట్ల వరకు నుండెనని శాస్త్రజ్ఞుల యంచనా. గుంపు ఎగురునపుడు గంటలతరబడి సూర్యుడు కనబడకుండెడివాడట. పొటవాటమి తెగ పెద్ద సైమన్ పోకేగన్ అనునతడు తాను 1850లో మిచిగన్ లోని మానిస్టీ నది యొద్ద విడిసియుండగా వినిన చప్పుడును వర్ణించెను. మువ్వలు కట్టిన గుర్రపుదండు అడవిలో వచ్చుచున్నదనియు, పిదప ఉరుము అనియు భ్రమించెనట; తుదకు చూడగా పావురములు.

1878 వసంతమున పెటాస్కీ ప్రాంతపు టడవులలో ఈ పావురములు మైళ్లకొలది గూళ్లు కట్టెను. ఆ వార్త తంతితీగల మీదుగా దేశమెల్ల వ్యాపించెను. పావురములు పట్టుటయే వృత్తిగా గలవారు రైళ్లెక్కి వచ్చిరి. వలలు పన్ని, తుపాకులు కాల్చి, కఱ్ఱలతో గూళ్లనుండి పిల్లలను రాల్చి, చెట్లనే పడగొట్టి పట్టిరి. మరియొక యుపాయమును వినుడు. ఒక బ్రతికిన పావురము కనురెప్పలను దారముతో కుట్టి, పీటవంటి కొయ్యకు కట్టి యాడించెడివారు. గ్రుడ్డిదైన యా పక్షి రెక్కలు కొట్టుకొనగా, మేత దొరికినదని తలచి దాని తోడివి దిగివచ్చి వలలో పడెడివి. సూదియు దారమును ఇండ్లలో పట్టు మనకు ఈ మాట వినుట కష్టము. చంపిన పక్షులను పీపాలలో నింపి రైళ్లపై చికాగో, న్యూయార్క్ నగరములకు పంపిరి. ఆ యొక్క యేడు చచ్చినవి లక్షలలో గాదు, అంతకు మించి.

ఆ పావురము ఈతకు ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టెడిది. గుంపే దానికి రక్ష. గుంపు చెదిరిన పిమ్మట మిగిలినవి నిలువలేకపోయెను. 1897లో మిచిగన్ శాసనసభలో ఈ పక్షిని పదియేండ్లు వేటాడరాదని యొక బిల్లు తెచ్చిరి. అప్పటికి కాపాడుటకు పావురములే లేవు. ఆ జాతిలో కడపటిది మార్తా అను ఆడుపక్షి. 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి నగరపు జంతుశాలలో చచ్చిపోయెను. మేలుకోరువారి మాట ఆలస్యముగా వినబడెనను భావముతో ఆ పలక ముగియును.

ఆ రాత్రి బసలో మా వారొక కాగితముపై మేము చూచిన చోట్లను గీచి చూపిరి. పైన్ చెట్లను మోసికొనిపోయిన రైళ్లే పావురముల పీపాలను మోసెను. కలపవారు నరికిన యడవిలోనే పావురముల యాహారమైన బీచ్ చెట్లును పోయెను. వారు విడిచిపోయిన తొక్కలును కొమ్మలును మెట్జ్ తల్లుల చుట్టు మండెను. వారు చేసిన బయళ్ల వెంటనే కౌబర్డ్ వచ్చి వార్బ్లర్ గూటిలో చేరెను. కథ యొక్కటే. కాని పలకలు నాలుగు; నాలుగును నాలుగు చోట్ల, ఒకదాని సంగతి యొకటి యెరుగనట్లు నిలిచియున్నవి. వానిని కలిపి చదువుట చదువువారి పని. మా వారు బడిలో చరిత్ర చెప్పుదురు. "తేదీలు చెబుతాము కాని, ఈ దారం గుచ్చడం మరచిపోతాము" అని వారు తమలో తామనుకొనునట్లు పలికిరి.

మరునాడు మాకినా వంతెన దాటితిమి. దాని నిడివి సుమారు 5 మైళ్లు; 1957 నవంబరు 1వ తేదీన తెరచిరి. కట్టునపుడు చనిపోయిన యైదుగురు పనివారి పేర్లతో నచ్చట నొక ఫలకము కలదు. వంతెన కావల సుపీరియర్ సరస్సు గట్టుననున్న దేశము రాగిగనుల దేశము. చాలదూరము ప్రయాణముచేసి కాల్యుమెట్ అను పట్టణమునకు చేరితిమి. మేము చూచిన వానిలో మరపురాని పలక యిదియే.

1913 జూలైలో ఆ గనుల పనివారు సమ్మె కట్టిరి. దినమునకు ఎనిమిది గంటల పని, మూడు డాలర్ల కూలి, తమ సంఘమునకు గుర్తింపు వారి కోరికలు. మరియొక కోరికయు కలదు. అంతకుముందు రాతిని తొలుచు యంత్రమునొద్ద ఇద్దరుండెడివారు. క్రొత్తగా ఒక్కడే పట్టు యంత్రమును తెచ్చిరి. పాతాళమువంటి గనిలో ఒంటరిగా నున్నవానికి దెబ్బతగిలిన చూచువారెవ్వరు? ఆ యంత్రమునకు పనివారు 'విధవలను చేయునది' అని పేరుపెట్టిరి. గనివారి భార్యలీ సమ్మెలో ముందు నిలిచిరి. వారి సంఘమునకు అధ్యక్షురాలు యానీ క్లెమెంక్ అను నిరువదియైదేండ్ల స్త్రీ. ఆరడుగులకు పైబడిన యెత్తరి. ప్రతి దినము ఊరేగింపు ముందు పెద్ద జాతీయపతాకము నెత్తిపట్టి నడచెడిది.

శీతకాలము వచ్చెను. కూలి లేదు. పిల్లలకు పండుగ లేకుండ పోవునని యీ స్త్రీలు క్రిస్మసు ముందునాడు, డిసెంబరు 24వ తేదీన, ఇటాలియన్ హాల్ అను భవనపు మేడమీద విందు చేసిరి. వందలకొలది జనము చేరిరి. పిల్లలకు మిఠాయిలు, చిన్న కానుకలు పంచుచుండగా ఎవ్వడో "మంట! మంట!" అని కేకవేసెను. జనము మెట్లవైపు పరుగెత్తిరి. ముందు పడినవారిపై వెనుకవారు పడిరి. 73 మంది మరణించిరి. వారిలో 59 మంది పిల్లలు. మంట యెక్కడను లేదు. కేకవేసిన వాడెవ్వడో నేటికిని నిర్ధారణ కాలేదు. మృతులలో నెక్కువమంది ఫిన్లాండు దేశమునుండి వచ్చిన కుటుంబములవారు.

1984లో ఆ భవనమును పడగొట్టిరి. ద్వారముపై నుండిన కమాను ఒక్కటి మిగిల్చి పచ్చికబయలున నిలిపిరి. దాని క్రింద నిలిచినచో ఇప్పుడు లోపలయు లేదు, వెలుపలయు లేదు. దాపుననే పలక. ఈ పలకకొక కథ యున్నది. మొదట నిలిపిన పలకపై, భవనపు తలుపులు లోపలికి తెరచుకొనునవి యగుటచే జనము బయటపడలేకపోయిరని చెక్కియుండెను. ఆ మాట యనేక సంవత్సరములు పుస్తకములలోనికిని, పాఠములలోనికిని ప్రాకెను. పరిశోధకులు పాత ఛాయాచిత్రములను, సాక్ష్యములను పరిశీలించి యది పొరపాటని చూపిరి. పిమ్మట ఆ మాటను పలకనుండి తొలగించిరి.

తలుపు లోపలికి తెరచుకొన్న నేమి, వెలుపలికి తెరచుకొన్న నేమి యని కొందరనవచ్చును. మాకట్లు తోచలేదు. తలుపుమీద తప్పు మోపిన యెడల, అది వడ్రంగి పొరపాటగును, జరిగినది ప్రమాదమగును. తలుపుమీద తప్పు లేనియెడల, ఆ కేక యెవ్వరిదను ప్రశ్న నిలిచియే యుండును. చనిపోయిన పిల్లల తల్లులు జీవితాంతము అడిగిన ప్రశ్న యదియే. లోహముపై చెక్కిన యొక్క తప్పుమాట వారి ప్రశ్నను మూసివేసెను. అక్షరము చెక్కువానికంటె చెక్కినదానిని దిద్దువానికి ధైర్యమెక్కువ కావలెనని యచ్చట మాకు తెలిసినది. ఇటీవలి సంవత్సరములలో మృతులందరి పేర్లును చెక్కిన రాతిస్మారకమును గూడ నచ్చట నిలిపిరి. మా పిల్ల యా పేర్లను వరుసగా చదువుచు, తన యీడువారి పేరు వచ్చినపు డెల్ల వ్రేలితో తడవెను. మా చెల్లెలు వెనుకనుండి వచ్చి దాని తలపై చేయివేసి నిలువబడెను. ఎవ్వరము తొందర పెట్టలేదు.

తిరుగు ప్రయాణమున పిల్ల మమ్ము నొక మాట యడిగెను. "మీ ఊళ్లో ఏమేమి రాశారు దొడ్డమ్మా బోర్డుల మీద?" మేము జవాబు చెప్పలేకపోతిమి.

మా యమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి యాసీమలో వేలాది ప్రాణములు గొనిపోయినది. ఆ నీటిలో మా యమ్మమ్మ చంటిపిల్ల నొకతెను పోగొట్టుకొనెనని యింటిలో నందరకు తెలియును. ఉప్పెన జ్ఞాపకముగా రాయి నిలిపిరి గాని, పోయిన పిల్లల పేర్లన్నియు నే రాతిపై పట్టును? మా యింటిలో "ఉప్పెనలో పోయిన పిల్ల" యనియే యా బిడ్డ పేరు. ముప్పదియేండ్లు దాటిన మేమును ఏనాడును, ఆ పిల్ల పేరేమని యడుగలేదు. అడిగిన నమ్మమ్మ బాధపడునని తలచితిమి.

దేశమునకు వచ్చిన పిమ్మట నొక మధ్యాహ్నము అమ్మమ్మ చాటలో బియ్యము చెరుగుచుండగా పక్కన కూర్చుండి యడిగితిమి. ఆమె చేయి యాగెను. కొంతసేపటికి పేరు చెప్పెను. ఏ దేవునికి మ్రొక్కుకొని యాపేరు పెట్టిరో, బిడ్డకేమి యిష్టమో, ఆ రాత్రి యేరంగు గౌను తొడిగియుండెనో చెప్పెను. మేము లెక్కలపుస్తకములో నొక పుట తీసి వ్రాసికొంటిమి. వ్రాసినది చదివి వినిపింపగా, "మూడేళ్లని రాశావేమే? నాలుగు నిండవచ్చాయి దానికి. ఆ వయసు దిద్దు" అనెను. దిద్దితిమి. "ఇన్నాళ్లకి అడిగావు తల్లీ" అని మరల చాట నందుకొనెను.

సోదరీమణులారా! పలకలు నిలుపుట ప్రభుత్వముల పని కావచ్చును. కాని పలకకు పట్టని పేర్లు మన యిండ్లలో ముసలివారి నోళ్లలో నున్నవి. కరవులో, వరదలో, కలరాలో, పురిటిలో పోయినవారి పేర్లు. ఊరి చెరువునకు వచ్చి యిప్పుడు రాని పక్షుల పేర్లు. కొట్టివేసిన రావిచెట్టు నీడను పెండ్లాడినవారి పేర్లు. అవి యడిగినవారికే దొరకును. అడుగుటకు కాలమును మితమే. మీ యింట పెద్దవారున్నచో నేటి మధ్యాహ్నము పనులు తీరిన పిమ్మట వారి పక్కన కూర్చుండి యొక్క పేరడుగుడు. అడిగి, వ్రాసి, వారికే చదివి వినిపింపుడు. తప్పున్న వారే దిద్దుదురు.